మొదటి మ్యూరల్ (గోడ బొమ్మ) వేస్తున్నారా? బొమ్మ తర్వాత, ముందు గోడ సంగతి చూడండి

కాగితం మీద చక్కగా వేసే చెయ్యి గోడ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తడబడుతుందంటే, చాలామంది సైజు వల్ల అంటారు. సైజు ఎలాగోలా లొంగుతుంది. దానికి గళ్ల పద్ధతి ఉంది, చేతిలో ఫోన్ ఉంది. లొంగనిది గోడ. కాన్వాస్ మన కోసమే తయారై వస్తుంది. గోడ అలా రాదు. ఎప్పుడో ఎవరో మేస్త్రీ కట్టి వెళ్లిపోయి ఉంటాడు. పైన ఏ కాలం నాటి సున్నమో, ఏ పార్టీ గుర్తో, ఏ ట్యూషన్ సెంటర్ ఫోన్ నంబరో ఉంటుంది. లోపల నెమ్ము ఉంటుంది. అందుకే ఇందులో సగం దాకా రంగు డబ్బా మూత తియ్యం.

లెక్కలు చెప్పడానికి వీలుగా ఒక గోడ అనుకుందాం: ప్రభుత్వ పాఠశాల ప్రహరీ, రోడ్డు వైపు, 30 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు, అంటే 240 చదరపు అడుగులు. మొదటిసారి వేసేవాళ్లకు ఎక్కువగా దొరికేది ఇలాంటి గోడే. మీ గోడ కొలతలను బట్టి మార్చుకోండి.

అనుమతి, ఒప్పందం

"హెడ్మాస్టర్ గారు సరే అన్నారండీ" అన్నది అనుమతి కాదు. హెడ్మాస్టర్లు బదిలీ అవుతారు. కొత్తగా వచ్చినవారికి బొమ్మ నచ్చకపోతే ఆగస్టు 15కి ముందు సున్నం కొట్టించేస్తారు. స్కెచ్ జతచేసి ఒక పేజీ లెటర్ రాయండి. ఏ గోడ, ఏ బొమ్మ, ఏ తేదీల్లో వేస్తారు, ఎన్నేళ్లు ఉంచుతారు అన్నవి అందులో ఉండాలి. సంతకం, స్టాంపు వేయించుకుని ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. గోడ మున్సిపాలిటీదైతే కమిషనర్ ఆఫీసుకే వెళ్లాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో వచ్చిన చట్టం ఒకటి బహిరంగ ప్రదేశాల్లో గోడలు పాడు చేయడాన్ని నేరంగా చూస్తుంది. మీది అందమైన బొమ్మే కావచ్చు, కానీ రోడ్డు మీద ఆపి అడిగే కానిస్టేబుల్‌కి చూపించాల్సింది కాగితమే.

డబ్బు తీసుకుని వేస్తుంటే ఇంకొన్ని సంగతులు ముందే తేల్చుకోవాలి. రేటు చదరపు అడుగుకి మాట్లాడుకోవడం మామూలే. కానీ గోడ కడిగించడం, పగుళ్లు పూడ్పించడం, పరంజా అద్దె ఆ రేటులోకి రావని విడిగా చెప్పండి. ఇక్కడే ఎక్కువ గొడవలు వస్తాయి. స్కెచ్‌లో ఎన్నిసార్లు మార్పులు చేస్తారో కూడా చెప్పాలి. రెండుసార్లు చాలు. గోడ మీద గీత పడ్డాక "ఆ నెమలి స్థానంలో హంస పెడితే?" అంటే దానికి వేరే డబ్బు. అడ్వాన్స్ మెటీరియల్ ఖర్చుకు తగ్గకుండా తీసుకోండి. పెద్ద అగ్రిమెంట్ అక్కర్లేదు. ఇవన్నీ ఒక వాట్సాప్ మెసేజ్‌లో రాసి, అవతలివాళ్ల చేత "ఓకే" అనిపించుకున్నా గొడవ వచ్చినప్పుడు పనికొస్తుంది.

కాపీరైట్ సంగతి మన ఆర్టిస్టుల్లో చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, ఒకరు డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్లే. రేపు వాళ్లు మీ బొమ్మను క్యాలెండర్ మీద అచ్చేసుకుంటే మీరు అడగలేరు. హక్కు మీ దగ్గరే ఉండాలంటే ఆ మాట ముందే రాయించుకోవాలి. అయితే హక్కు ఎవరిదైనా, వేసింది మీరే అని చెప్పుకునే హక్కు, పరువు పోయేలా దాన్ని పాడు చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు అదే చట్టంలోని 57వ సెక్షన్ కింద మీకు ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు మ్యూరల్‌ను 1979లో ఊడదీసి స్టోర్‌లో పడేశారు. ఆయన కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ ముక్కలు ఆయనకే తిరిగి ఇవ్వమని, 5 లక్షల రూపాయల పరిహారం కట్టమని ప్రభుత్వాన్ని ఆదేశించింది.

గోడను పరీక్షించడం

స్కెచ్ వేయడానికి ముందే, అంటే ఆ లెటర్ ఇవ్వడానికి కూడా ముందే చేయాల్సిన పని ఇది. ఒక రోజు పడుతుంది, నెమ్ము పరీక్ష ఫలితం చూడ్డానికి మర్నాడు మళ్లీ రావాలి. నాణెం, నల్ల గుడ్డ ముక్క, సెల్లో టేపు, పెద్ద పాలిథీన్ షీటు, కొలత టేపు తీసుకెళ్లండి.

నాణెంతో గోడ పొడుగునా తడుతూ నడవండి. గట్టిగా ఠక్కుమనాలి. డొల్లగా మోగితే అక్కడ ప్లాస్టరింగ్ ఇటుకను వదిలేసింది. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా ప్లాస్టరింగ్‌తో పాటే రాలిపోతుంది. డొల్ల చోట్ల చాక్‌పీస్‌తో చుట్టూ గీత గీసి ఫోటో తీయండి. కొట్టి మళ్లీ పూయించాల్సింది అవే. కొత్తగా పూసిన సిమెంట్ కనీసం నెల రోజులు ఆరాలి. పచ్చి సిమెంట్‌లోని క్షారం రంగును తినేస్తుంది.

నల్ల గుడ్డతో గోడను గట్టిగా తుడవండి. గుడ్డకి తెల్లగా పొడి అంటితే పాత సున్నమో, పిండి అయిపోయిన పాత పెయింటో ఉన్నట్టు. ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) ఆ పొడిని పట్టుకుంటుంది గానీ గోడను పట్టుకోదు. మ్యూరల్స్ పొరలు పొరలుగా లేవడానికి మన ఊళ్లలో ముఖ్య కారణం ఇదే. సున్నం మీద సున్నం కొట్టిన గోడలు మనకు ఎక్కువ. గీకేయడం తప్ప దీనికి వేరే మందు లేదు. పాత పెయింట్ మీద సెల్లో టేపు అతికించి ఒక్కసారిగా లాగండి. రంగు టేపుతో వస్తే దాన్నీ గీకాలి.

నెమ్ము పరీక్షకి రెండడుగుల పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపు వేసి గోడకి అంటించి, ఒక రోజు వదిలేయండి. మర్నాడు షీటు లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తే నీళ్లు గోడలోంచి వస్తున్నాయి. వెంటనే గోడ అవతలికి వెళ్లి చూడండి. కొళాయి, టాయిలెట్లు, రోజూ నీళ్లు పోసే మొక్కలు, బయటి రోడ్డు కంటే ఎత్తుగా ఉన్న మట్టి, వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. కొళాయి లీకైతే బాగు చేయించొచ్చు. మట్టి ఎత్తును మాత్రం మీరు మార్చలేరు. అలాంటప్పుడు వాటర్‌ప్రూఫ్ పెయింట్ రాస్తే సరిపోతుందని షాపువాళ్లు చెప్తారు. బయటి వైపు ఎంత గట్టి పూత పూస్తే, లోపలి నీళ్లు దాన్ని అంత పెద్ద బుడగలా లేపుతాయి.

గోడ కింది భాగంలో తెల్లటి ఉప్పు ఉబికి ఉంటే దాన్ని నీళ్లతో కడగొద్దు. ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి, ఆ పొడి అక్కడ లేకుండా ఊడ్చేయండి.

ఇప్పుడు కొలతలు. పొడవు, ఎత్తు మాత్రమే కాదు, స్తంభాలు ఎక్కడెక్కడ ముందుకు పొడుచుకొచ్చాయి, గేటు ఎటు తెరుచుకుంటుంది, కరెంటు స్తంభం గోడలో ఏ భాగాన్ని కప్పేస్తుంది, ఉదయం తోపుడు బండి ఎక్కడ ఆగుతుంది అన్నవి కూడా రాసుకోండి. ఎదురుగా నిలబడి ఒకటి, రెండు వైపుల నుంచి ఏటవాలుగా ఒక్కొక్కటి ఫోటోలు తీయండి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఎండ ఎలా పడుతుందో కూడా చూడండి.

గోడను బట్టి బొమ్మ

ఇప్పుడు కాగితం తీయండి. చేతిలో ఉన్న వివరాలే బొమ్మ స్వరూపాన్ని సగం తేల్చేస్తాయి. కింద రెండడుగులు నెమ్ము ఉందా? బొమ్మను రెండడుగుల పైనే మొదలుపెట్టండి. ఆ కింది భాగాన్ని ముదురు గోధుమ రంగో, ముదురు బూడిద రంగో ఒకే పట్టీగా వదిలేయండి. వాన చిమ్మిన బురద, బండ్లు ఆనించిన మరకలు అందులో కలిసిపోతాయి. రెండేళ్లకోసారి ఆ పట్టీ ఒక్కటే మళ్లీ వేసుకుంటే చాలు, బొమ్మను ముట్టుకోనక్కర్లేదు. స్తంభాలు గోడను ముక్కలు చేస్తున్నాయా? బొమ్మను కూడా ముక్కలుగానే ఆలోచించండి. చేర్యాల నకాశీ చిత్రకారులు పటం మీద కథను అడ్డపట్టీలుగా విడగొట్టి, ఒక్కో పట్టీలో ఒక్కో ఘట్టం చెప్తారు. స్తంభాల మధ్య జాగాలు అలాంటి అరలుగా పనికొస్తాయి. ముఖం మాత్రం స్తంభం అంచు మీద పడనివ్వొద్దు. ఎదురుగా బాగానే ఉంటుంది, పక్క నుంచి వచ్చేవాళ్లకి ముక్కు విరిగినట్టు కనిపిస్తుంది.

రోడ్డు పక్క గోడను ఎవరూ ఎదురుగా నిలబడి తీరిగ్గా చూడరు. నడుస్తూ, బండి మీద పోతూ, పక్కవాటంగా చూస్తారు. అందుకే చిన్న వివరాలు దండగ. ఈ పాఠం కావాలంటే లేపాక్షి వెళ్లండి. వీరభద్రస్వామి ఆలయంలో 16వ శతాబ్దపు విజయనగర చిత్రకారులు మండపం పైకప్పు మీద వేసిన బొమ్మల్ని మెడ పైకెత్తి చూడాల్సిందే. దూరం ఎక్కువ, వెలుతురు తక్కువ. వాళ్లేం చేశారో చూడండి. బొమ్మల్ని పొడవాటి వరుసల్లో నిలబెట్టారు, ముఖాల్ని ఎక్కువగా పక్క నుంచి చూపించారు, చుట్టూ గట్టి నల్ల గీత కట్టారు. రంగులు కొద్దే: కావి ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ లాంటివి. చీరల మీద డిజైన్లు ఎంత సన్నగా ఉన్నా మనిషి ఆకారం కింద నుంచి స్పష్టంగా తెలుస్తుంది. ఆ బొమ్మలు కూడా పైకప్పులోంచి నీళ్లు దిగిన చోటే ఎక్కువగా చెదిరాయి. ఐదువందల ఏళ్లు నిలిచిన పనికి కూడా శత్రువు నెమ్మే.

ఎక్కువ రంగులుంటేనే మ్యూరల్ అనుకునేవాళ్లు ఢిల్లీ పాత పోలీస్ హెడ్‌క్వార్టర్స్ గోడ మీద 2014లో వేసిన గాంధీ బొమ్మ ఫోటో చూడాలి. జర్మన్ ఆర్టిస్టు హెండ్రిక్ బైకిర్ష్, మన అన్పు వర్కీ కలిసి వేశారు. దాదాపు 150 అడుగుల ఎత్తు, అంతా నలుపు తెలుపుల మధ్య ఛాయలే. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లైతే ఖైరతాబాద్ దగ్గర ఎం.ఎస్. మక్తా సందుల్లో ఒకసారి తిరగండి. వీధి గోడల మీద బొమ్మలు వేయించే స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ అనే సంస్థ 2016 నుంచి అక్కడి ఇళ్ల గోడల మీద దేశ విదేశాల ఆర్టిస్టుల చేత బొమ్మలు వేయించింది. బొమ్మల్ని మెచ్చుకోవడం అయ్యాక దగ్గరికెళ్లి గోడల్ని చూడండి. కిటికీని, పైపును, మెట్లను బొమ్మలో ఎలా కలుపుకున్నారు, ఏ రంగు నిలిచింది, ఏది వెలిసింది అన్నది అక్కడే తెలుస్తుంది.

అక్షరాలుంటే ఇంకో జాగ్రత్త. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అని బోర్డు రాసేవాళ్లకి ఒక లెక్కుంది. అది ఇంగ్లీషు అక్షరాలకి సరిపోతుంది. తెలుగులో తలకట్టు, గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి దానికి రెట్టింపు పెట్టండి. రాసే ముందు ఒక తెలుగు టీచర్‌కి చూపించండి. బడి గోడ మీద "విద్యార్ధి" అని రాస్తే బొమ్మ ఎంత బాగున్నా జనం ఫోటో తీసేది ఆ ఒత్తునే.

గోడల మీద మూత్రం పోయకుండా దేవుళ్ల బొమ్మలు వేయమని కొందరు అడుగుతారు. నేనైతే వద్దంటాను. అది ఆగదు, పైగా గొడవలవుతాయి. ఆ చోట ఒక లైటు పెట్టించమని చెప్పండి.

ఏ నెలలో, ఏ పూట

మన దగ్గర నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. కోస్తా, రాయలసీమల్లో అక్టోబర్, నవంబర్ నెలల్లో తుపాన్ల భయం ఉంటుంది కాబట్టి డిసెంబర్ అనుకోవడం మేలు. మే నెలలో ఎండకి కాలిన గోడ మీద ఎమల్షన్ పెడితే బ్రష్ జరగదు, పట్టేసుకుంటుంది. నీళ్లు కలిపి పల్చన చేస్తే గీతలు గీతలుగా ఆరుతుంది. చెయ్యి ఆనిస్తే చుర్రుమనే గోడకి రంగు వేయకండి. తూర్పు ముఖం గోడకి మధ్యాహ్నం నుంచి, పడమటి ముఖం గోడకి పొద్దున పూట, అంటే ఎప్పుడూ నీడలో పని చేయండి.

గోడ తయారీ

డొల్ల ప్లాస్టరింగ్ కొట్టించి మళ్లీ పూయించారు, నెల ఆగారు అనుకుందాం. ఇప్పుడు గీకుడు. వెడల్పాటి స్క్రేపర్, ఇనుప బ్రష్, ఆ తర్వాత ఎమరీ పేపర్. పాత ఎనామిల్ పెయింట్ ఉన్న గేట్లు, కిటికీ ఫ్రేములు మాత్రం పొడిగా రుద్దొద్దు. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన పెయింట్ దుమ్ములో సీసం ఉండొచ్చు. తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి, బడి పిల్లల్ని ఆ రోజు దగ్గరికి రానివ్వకండి.

పాచి పట్టిన చోట బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు రాసి, కాసేపుంచి, రుద్ది, మంచినీళ్లతో బాగా కడగండి. దాంట్లో యాసిడ్ మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది. పాచిని కడగకుండా పైన రంగు వేస్తే మొదటి వానాకాలంలోనే నల్లటి మచ్చలు పైకి వస్తాయి. కడిగాక రెండు మూడు రోజులు ఎండనివ్వండి.

సన్న పగుళ్లకి బయటి గోడలకు వాడే క్రాక్ ఫిల్లర్ సరిపోతుంది. పెద్ద పగులైతే ఉలితో కాస్త వెడల్పు చేసి, దులిపి, అప్పుడు నింపాలి. లోపలి గదులకు వాడే లప్పం బయట పెట్టొద్దు. వానకి ఉబ్బి రంగుతో సహా ఊడి వస్తుంది. గోడ అద్దంలా నున్నగా ఉండాల్సిన పని కూడా లేదు. కాస్త గరుకుంటే రంగు బాగా పట్టుకుంటుంది, ఎండకి తళతళ మెరవదు.

తర్వాత బయటి గోడలకు వాడే ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి ముందు వేసే పూత) ఒక కోటు. గరుకు గోడకి లీటరు 80 నుంచి 100 చదరపు అడుగులు వస్తుంది, మన 240 అడుగులకి మూడు లీటర్లు. ఆరాక తెల్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ రెండు కోట్లు. రెండు కోట్లూ కలిపి లీటరుకి 50 నుంచి 60 చదరపు అడుగులు వస్తుంది, కాబట్టి ఐదు లీటర్లు. రంగులు కలపడానికి కూడా తెలుపే ఎక్కువ ఖర్చవుతుంది. పది లీటర్ల డబ్బా తీసుకోండి.

బొమ్మను గోడకెక్కించడం

పూర్వం సినిమా బ్యానర్లు వేసినవాళ్లది గళ్ల పద్ధతే. చేతిలో చిన్న ఫోటో, దాని మీద గళ్లు, ఎదురుగా అంతే సంఖ్యలో పెద్ద గళ్లు. ఇప్పటికీ దీన్ని మించింది లేదు. అడుగుకి అంగుళం చొప్పున 30 అంగుళాల పొడవు, 8 అంగుళాల ఎత్తు కాగితం మీద స్కెచ్ వేసి, రెండంగుళాల గళ్లు గీయండి. గోడ మీద అవి రెండడుగుల గళ్లవుతాయి. అడ్డంగా 15, నిలువునా 4, మొత్తం 60. అడ్డం వరుసకి అంకెలు, నిలువు వరుసకి అ, ఆ, ఇ, ఈ అని పేర్లు పెట్టుకుంటే "7-ఇ లో మోచెయ్యి" అని సాయం చేసేవాళ్లకి చెప్పడం తేలిక.

గళ్లు గీసేటప్పుడు గోడ పై అంచును నమ్మొద్దు. ప్రహరీలు రోడ్డు వాలును బట్టి ఏటవాలుగా కడతారు. మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో రెండు కొసల్లో మట్టం చూసి ఆ రెండు గుర్తుల మధ్య దారం లాగండి. నిలువు గీతలకి దారానికి ఇనుప గుండు కట్టి వేలాడదీయండి. గోడ పైభాగం బాగా వాలి ఉంటే మాత్రం ఒక చిక్కుంది. మీరు సరిగ్గా మట్టంగా గీసిన నేల గీత కూడా చూసేవాళ్లకి వంకరగా కనిపిస్తుంది. అలాంటి గోడ మీద పొడవాటి తిన్నని గీతలే పెట్టకండి. కొండలు, చెరువు గట్టు, కొమ్మలు పెట్టండి.

దారానికి పొడి పూసి గోడకి లాగి పట్టుకుని, మధ్యలో పట్టి వదిలితే గీత పడుతుంది. ఆ పొడి లేత రంగుదే వాడండి. ముదురు నీలం పొడి లేత రంగుల్లోంచి పైకి కనిపిస్తుంది. బొమ్మ గీతలకి చాక్‌పీస్, లేదా బాగా పల్చన చేసిన పసుపు రంగుతో సన్న బ్రష్. పర్మనెంట్ మార్కర్‌తో గీయొద్దు. దాని మీద ఎన్ని కోట్ల ఎమల్షన్ వేసినా ఊదా రంగు గీత కిందనుంచి మళ్లీ తేలుతుంది. గీసిన ప్రతిసారీ వెనక్కెళ్లి రోడ్డు అవతలి నుంచి చూడండి, ఫోన్‌లో ఫోటో తీసి స్కెచ్‌తో పోల్చుకోండి. దగ్గర నుంచి సరిగ్గా ఉన్న చెయ్యి దూరం నుంచి పొట్టిగా ఉంటుంది.

గళ్లు గీసే ఓపిక లేనివాళ్లకి ఇంకో దారి ఉంది. గోడంతా ఇష్టమొచ్చిన గుర్తులు, అక్షరాలు, సున్నాలు గీసి, ఫోటో తీసి, ఫోన్‌లో ఆ ఫోటో మీద స్కెచ్‌ను పల్చగా పరిచి, ఏ గుర్తు దగ్గర ఏ గీత వస్తుందో చూస్తూ వేయడం. వంకరటింకర గోడలకి ఇదే మేలు. ప్రొజెక్టర్ అయితే రాత్రి పూట, ఎదురుగా జాగా ఉంటేనే. వీధి దీపం ఉంటే అదీ కుదరదు.

రంగులు

బయటి గోడకి ఎక్స్‌టీరియర్ అక్రిలిక్ ఎమల్షనే. ఆర్ట్ షాపులో దొరికే చిన్న ట్యూబులు కళ్లు, నగలు లాంటి చిన్న పనులకి దాచుకోండి. కావి, పసుపు మట్టి రంగు, ఆక్సైడ్ ఎరుపు, నలుపు లాంటి మట్టి రంగులు ఎండకి బాగా తట్టుకుంటాయి. థాలో అనే రకం నీలం, ఆకుపచ్చలు కూడా నిలుస్తాయి. ముందుగా వెలిసేవి మెరిసే గులాబీ, ఊదా, నిమ్మ పసుపు, ఫ్లోరోసెంట్ రంగులు. దక్షిణం, పడమర ముఖం గోడల మీద ఇవి పెద్ద జాగాలకి వాడొద్దు. వాడి తీరాలంటే మళ్లీ సులువుగా వేసుకోగలిగే చిన్న ఆకారాలకి మాత్రమే.

షాపులో మెషిన్‌తో కలిపించిన రంగు ఎంత కావాలో ఒకేసారి తీసుకోండి. రెండోసారి తెచ్చిన డబ్బా కొద్దిగా తేడా రావొచ్చు. మన గోడకి ఐదారు రంగులు లీటరు చొప్పున, చిన్న స్టైనర్ (పెయింట్‌లో చుక్కలుగా కలిపే చిక్కటి రంగు) సీసాలు నాలుగైదు ఉంటే చాలు. ఒక్కో రంగుకి మూడు ఛాయలు కలుపుకోండి: అసలుది, తెలుపు కలిపిన లేతది, ముదురుది. ముదురు ఛాయకి నలుపు కలిపేస్తే రంగు మురికిగా అవుతుంది. ఎరుపులో ముదురు గోధుమ, పసుపులో కావి, ఆకుపచ్చలో నీలం కలిపి చూడండి. ఎమల్షన్ తడిగా ఉన్నప్పటి కంటే ఆరాక కొంచెం ముదురుతుంది కాబట్టి గోడ మీద చిన్న మచ్చ పెట్టి ఆరనిచ్చి నిర్ణయించుకోండి. కలిపిన ప్రతి రంగు మూత మీద దాని మచ్చే పెట్టి నంబరు రాయండి.

ఇక వేయడం. పై నుంచి కిందికి రండి, ధారలు కింద వేసిన బొమ్మ మీద పడవు. ముందు ఆకాశం, నేల లాంటి పెద్ద జాగాలు రోలర్‌తో. తర్వాత బొమ్మల అసలు రంగు, ఆపైన నీడలు, వెలుగులు, చివర గీత. మెరుపు పసుపు, మెరుపు ఎరుపు కప్పే శక్తి తక్కువ. పసుపు కింద తెలుపు, ఎరుపు కింద లేత గులాబీ వేసుకుంటే నాలుగు కోట్లు వేయాల్సింది రెండింటితో అయిపోతుంది.

ఏ రోజు పని ఆ రోజు ఒక ఆకారం అంచు దగ్గర ఆపండి. తడి సున్నపు పూత మీద వేసే ఫ్రెస్కో ఆర్టిస్టులకి ఇది తప్పనిసరి. పూత ఆరేలోపు ఎంత వేయగలరో అంతే పూయించుకుంటారు. డెట్రాయిట్‌లో 1932, 33ల్లో మెక్సికో చిత్రకారుడు డియెగో రివేరా 27 ప్యానళ్లు వేసింది అలాగే, రోజుకొక ముక్క. మన ఎమల్షన్‌కి ఆ తొందర లేదు. కానీ ఆకాశాన్ని సగంలో ఆపి మర్నాడు మొదలుపెడితే కలిసిన చోట గీత కనిపిస్తుంది. మబ్బు అంచు దాకానో, చెట్టు కొమ్మ దాకానో లాగి ఆపండి.

పిల్లలు, వాలంటీర్లు వస్తే సంతోషమే, కానీ వాళ్ల చేతికి గీత ఇవ్వొద్దు. ప్రతి ఆకారంలో చాక్‌తో రంగు నంబరు రాసి, "3 ఉన్న చోటల్లా ఈ డబ్బా" అని చెప్పండి. బయటి గీత ఒకరిద్దరి చేతులే వేయాలి. పది చేతులు వేసిన గీత పది రకాలుగా ఉంటుంది, బొమ్మలో మొదట కనిపించేది అదే. గీతకి రంగు కాస్త పల్చన చేసి, పొడుగు వెంట్రుకల బ్రష్‌తో, మణికట్టు కాకుండా భుజం కదిలిస్తూ లాగండి. పాత బోర్డు రైటర్ ఎవరైనా మీ ఊళ్లో ఉంటే ఒక పూట పిలిచి, కూలి ఇచ్చి, పక్కన నిలబడి చూడండి. ఫ్లెక్సీలొచ్చి వాళ్ల పని పోయింది గానీ చేతిలో విద్య పోలేదు.

ఎక్కి వేసేటప్పుడు

ఎనిమిది అడుగుల గోడకి రెండు గట్టి స్టాండ్ల మీద వెడల్పాటి చెక్క చాలు. ఖాళీ డ్రమ్ముల మీద చెక్క వేసి ఎక్కడం మన దగ్గర మామూలే, కానీ డ్రమ్ము దొర్లుతుంది. నిచ్చెన అయితే నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున గోడ నుంచి ఎడంగా పెట్టి, కింద ఒక మనిషిని పట్టుకోమనండి. అంతకు మించిన ఎత్తుకి సర్వీ కర్రలో, ఇనుప పైపులో కట్టిన పరంజా, నడుముకి కాదు ఒళ్లంతా పట్టే బెల్టు, తలకి హెల్మెట్ ఉండాలి. కరెంటు తీగలు దగ్గరగా ఉంటే ఇనుప నిచ్చెన ముట్టుకోకండి. లైన్‌మన్‌తో మాట్లాడి ఆ పూట లైను ఆపించాకే ఎక్కండి. "ఏం కాదులే" అనే మాట విన్న చోట పని ఆపేయడం నా పద్ధతి.

క్లియర్ కోటు, ఆ తర్వాత

బొమ్మ అయ్యాక మూడు నాలుగు రోజులు పూర్తిగా ఆరనివ్వండి. అప్పుడు బయటి వాడకానికి తయారైన వాటర్‌బేస్ అక్రిలిక్ క్లియర్ కోటు (బొమ్మను కాపాడే రంగులేని పూత) పల్చగా రెండుసార్లు, మెరవని మ్యాట్ రకం. గ్లాసీ వేస్తే ఎండ పడిన పూట బొమ్మ కనపడదు, మెరుపే కనపడుతుంది. ముందు ఒక మూల వేసి చూడండి, ముదురు రంగుల మీద పాలలా తెల్లగా మిగిలితే కోటు మందమైనట్టే. నెమ్ము ఉందని తేలిన భాగం మీద క్లియర్ కోటు అసలు వద్దు.

సంతకం, సంవత్సరం కుడివైపు, కింది పట్టీకి పైన వేయండి. సాయం చేసినవాళ్ల పేర్లు కూడా. బ్రష్షులు కడిగిన నీళ్లు కాలువలో పోయకుండా బకెట్‌లో వదిలేస్తే రంగు అడుక్కి దిగుతుంది. పై నీళ్లు వంపి, అడుగున మిగిలిన ముద్దను ఎండబెట్టి చెత్తలో వేయండి.

మిగిలిన ప్రతి రంగూ చిన్న సీసాలో పోసి, మూత బిగించి, నంబరు రాసి, స్కెచ్ కాపీతో పాటు బడిలోనే ఒక అట్టపెట్టెలో పెట్టి ఎవరికో ఒకరికి అప్పజెప్పండి. డ్రాయింగ్ టీచర్ ఉంటే వారికి, లేకపోతే అటెండర్‌కి. ఏటా వానలు తగ్గాక ఒకసారి వెళ్లి గోడ పై అంచు, స్తంభాల మూలలు, కింది పట్టీ చూడండి. పెచ్చు లేవడం మొదలయ్యేది ఈ మూడు చోట్లే. లేచినంత మేర గీకి, చుట్టూ రెండంగుళాలు ఎమరీ పేపర్‌తో రుద్ది, ప్రైమర్, తెలుపు, ఆ సీసాలోని రంగు అదే వరుసలో వేయండి.